మహామాంద్యం నాటి అమెరికా వంటిల్లు: వారం లెక్కన వండుకునే పద్ధతి

1933 మార్చి 21న వైట్‌హౌస్‌లో వడ్డించిన మధ్యాహ్న భోజనం ఇది: టొమాటో సాస్ పోసిన వేడి గుడ్లు, ఉడికించి మెదిపిన బంగాళాదుంపలు, ముడి గోధుమ రొట్టె, ఎండు ప్లమ్ పండ్ల పుడ్డింగు, కాఫీ. మనిషికి ఏడున్నర సెంట్లు ఖర్చయింది. ఆ పట్టికను కార్నెల్ విశ్వవిద్యాలయంలోని గృహవిజ్ఞాన కళాశాల తయారు చేయగా, అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ దాన్ని తమ భోజనాల బల్ల మీదికి తెప్పించి, అంత తక్కువ ఖర్చుతోనూ ఒంటికి పట్టే తిండి తినవచ్చని దేశానికి చూపించారు. అప్పటికి షేర్ మార్కెట్ కుప్పకూలి మూడున్నరేళ్లు కావస్తోంది. దేశంలోని శ్రామికుల్లో దాదాపు నాలుగో వంతు మందికి పని లేదు.

ఆ భోజనం గురించి చదివితే, ఆనాటి వంటిల్లు పూట లెక్కన, పళ్లెం లెక్కన నడిచిందేమో అనిపిస్తుంది. నిజానికి ఒక్క పూటకు ఎంత తగ్గించామన్న లెక్కతో ఇల్లు గడవదు. ఏడున్నర సెంట్ల భోజనానికి సరుకులు తెచ్చి, వాటిలో మిగిలినది పారబోస్తే అది పది సెంట్ల భోజనం అవుతుంది. ఆనాటి ఇల్లాళ్లు ఆలోచించింది వారం లెక్కన. శనివారం కుండలో ఉడికినది సోమవారం సూపుకు మొదలు, ఆదివారం మిగిలిన ఎముక అదే సూపులో పోసే రసానికి మొదలు, నాలుగు రోజుల నాటి రొట్టె పుడ్డింగుకు మొదలు. ఈ వరుసను పట్టుకున్నవారికి వంటకాలు వాటంతట అవే దొరుకుతాయి కాబట్టి, ఇక్కడ ఒక్కో వంటకాన్ని విడిగా కాక, ఒకదాని నుంచి మరొకటి ఎలా పుడుతుందో చెబుతాను. కొలతలు నలుగురున్న కుటుంబానికి సరిపోతాయి. కప్పు అంటే అమెరికా కప్పు, 240 మిల్లీలీటర్లు. చెంచా అంటే కొలత చెంచా. పెద్దది 15 మిల్లీలీటర్లు, చిన్నది 5 మిల్లీలీటర్లు.

కొనే వరుస

1933లోనే అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గృహ ఆర్థికశాస్త్ర విభాగంలో హేజెల్ స్టీబెలింగ్ అనే పోషకాహార శాస్త్రవేత్త నాలుగు స్థాయిల ఆహార ప్రణాళికలను రూపొందించారు. అన్నిటికంటే కిందిది గడ్డు రోజుల్లో కొద్దికాలం మాత్రమే నెట్టుకురావడానికి ఉద్దేశించినది. దాని పైది కనీస ఖర్చుతో సరిపడా పోషణనిచ్చేది. ఆ పై రెండూ కాస్త చేతిలో డబ్బున్నవారికి. ఈ విభజనలో గమనించవలసినది మొదటి రెండింటి మధ్య గీత. కడుపు నిండటం వేరు, ఒంటికి చాలడం వేరు అన్న సంగతిని అది స్పష్టంగా చెబుతుంది. చవక వంట నేర్చుకునేవారు ఆ గీతకు పైనే ఉండాలి, కిందికి జారకూడదు.

కొనేటప్పుడు దీన్ని పాటించే తీరు తేలికే. వారానికి పెట్టిన డబ్బులో ముందుగా పాలు, పిండి, ఎండు గింజలు, బంగాళాదుంపలు కొనాలి. తరువాత క్యాబేజీ, క్యారెట్, ఉల్లి, డబ్బా టొమాటో. ఆ తరువాత గుడ్లు. మాంసం చిట్టచివర, మిగిలిన డబ్బుతో. చాలామంది దీన్ని తలకిందులు చేసి, ముందు మాంసం కొని, మిగిలినదానితో కూరగాయలు సర్దుకుంటారు. అక్కడే లెక్క తప్పుతుంది. మార్కెట్‌లో దండిగా ఉన్నదాన్ని కొనడం కూడా అప్పటి అలవాటే. 1939 మే నెలలో న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో పేదలకు తిండి సాయంగా మొదలైన తొలి ఫుడ్ స్టాంపుల పథకం సైతం ఈ సూత్రం మీదే నడిచింది. ఒక డాలరు పెట్టి నారింజ రంగు స్టాంపులు కొన్నవారికి యాభై సెంట్ల విలువైన నీలం స్టాంపులు ఉచితంగా ఇచ్చేవారు. నీలం స్టాంపులతో మాత్రం వ్యవసాయ శాఖ మిగులుగా ప్రకటించిన సరుకులనే కొనుక్కోవాలి.

శనివారం బీన్స్ కుండ

వారానికి ఇరుసు ఇదే కనుక దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఈశాన్య రాష్ట్రాలైన న్యూ ఇంగ్లండ్‌లో శనివారం రాత్రి బీన్స్ తినడం మాంద్యానికి ఎంతో ముందు నుంచీ ఉన్న ఆచారం. మాంద్యం వచ్చాక దాని విలువ మిగతావారికీ తెలిసింది.

రెండు పౌండ్లు, అంటే సుమారు 900 గ్రాముల నేవీ బీన్స్ తీసుకోవాలి. ఇవి తెల్లగా, చిన్నగా ఉండే ఎండు గింజలు. శుక్రవారం రాత్రి రాళ్లూ పుచ్చు గింజలూ ఏరి, కడిగి, గింజలకు మూడింతల నీళ్లు పోసి నానబెట్టాలి. తెల్లవారాక ఆ నీళ్లు వంపేసి, కొత్త నీళ్లు రెండంగుళాల ఎత్తున పోసి, పొంగు వచ్చాక సెగ తగ్గించి ఉడికించాలి. ఉప్పు వేయవచ్చు, ఉప్పు వేస్తే గింజ ఉడకదన్నది అపోహ. వేయకూడనిది పులుపు. టొమాటో, వెనిగర్, మొలాసిస్ వంటివి గింజ మెత్తబడకముందే పడితే తోలు బిగుసుకుపోయి, ఎంతసేపు కాచినా పలుకు పలుకుగానే ఉంటుంది. మొలాసిస్ అంటే చెరకు రసం నుంచి పంచదార తీయగా మిగిలే నల్లని చిక్కటి పాకం. నేను మొదటిసారి వండినప్పుడు, అన్నీ ఒకేసారి వేస్తే పని తగ్గుతుందన్న తెలివితో దాన్ని ముందే పోశాను. అయిదు గంటల తరువాత కూడా పంటి కింద రాళ్లలా తగిలాయి.

ఉడికిందీ లేనిదీ తెలుసుకోవడానికి ఒక పాత పరీక్ష ఉంది. చెంచాతో నాలుగు గింజలు తీసి, వాటి మీద మెల్లగా ఊదాలి. ఊదిన చోట తోలు చిట్లి, పల్చటి కాగితంలా పైకి లేచి వెనక్కి ముడుచుకుంటే గింజ తయారైనట్టే. లేవకపోతే మరో పావుగంట ఆగాలి. గడియారం కంటే ఈ పరీక్షనే నమ్మవచ్చు, ఎందుకంటే పాత గింజకూ కొత్త గింజకూ ఉడికే సమయంలో గంట తేడా రావచ్చు. నేవీ బీన్స్ దొరకక ఎర్రటి కిడ్నీ బీన్స్ వాడితే మాత్రం, నానబెట్టిన నీళ్లు పారబోసి, కనీసం పది నిమిషాలు తెర్లుతూ ఉడకనివ్వాలి. అరకొరగా ఉడికిన ఆ గింజల్లో కడుపును పాడుచేసే పదార్థం ఉంటుంది.

ఇప్పుడు కుండను రెండు భాగాలు చేయాలి. ఉడికిన నీటిని పారబోయకూడదు. అది సూపుకు పనికొస్తుంది. సగం గింజలను మూత ఉన్న మట్టి పాత్రలోకి గానీ మందపాటి గిన్నెలోకి గానీ తీసి, అడుగున నాలుగు ముక్కలు చేసిన ఒక ఉల్లిపాయ, ఇష్టమైతే వంద గ్రాముల ఉప్పు పంది మాంసం పెట్టి, కప్పులో మూడో వంతు మొలాసిస్, చిన్న చెంచాడు ఆవపొడి, చిన్న చెంచాడు ఉప్పు కలిపిన వేడి నీటిని గింజలు మునిగేదాకా పోయాలి. మూతపెట్టి 150 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో అయిదారు గంటలు ఉంచాలి. గంటన్నరకొకసారి చూసి, నీరు ఇంకిపోతే వేడి నీళ్లే పోయాలి. చివరి గంట మూత తీసేస్తే పైపొర ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. మాంసం వేయనివారు రెండు చెంచాల నూనె కలుపుకోవాలి, లేకపోతే రుచి పొడిపొడిగా ఉంటుంది.

రెండో సగం సోమవారం సూపుకు. దాన్ని దాని నీటితోనే ఫ్రిజ్‌లో పెట్టాలి. సూపుకు ఒక ఉల్లి, రెండు క్యారెట్లు, రెండు బంగాళాదుంపలు సన్నగా తరిగి, కొద్ది కొవ్వులో మగ్గనిచ్చి, గింజలూ వాటి నీళ్లూ పోసి, కూరలు మెత్తబడ్డాక గిన్నెలోని మూడో వంతును గరిటె వెనకవైపుతో మెదపాలి. ఆ మెదిపినదే సూపుకు చిక్కదనాన్నిస్తుంది, పిండి అక్కరలేదు. శనివారం నాటి తీపి బీన్స్ కొంచెం మిగిలితే, సోమవారం మధ్యాహ్నానికి మెదిపి, సన్నగా తరిగిన పచ్చి ఉల్లి, ఆవపొడి కలిపి, రెండు రొట్టె ముక్కల మధ్య పెట్టాలి. బేక్డ్ బీన్స్ శాండ్‌విచ్ పేరు వినగానే పెదవి విరిచేవారు కూడా ఒకసారి తింటే రెండోది అడుగుతారు.

మొక్కజొన్న రొట్టె, దానితో వచ్చే ఒక హెచ్చరిక

దక్షిణ రాష్ట్రాల్లో బీన్స్‌కు జత మొక్కజొన్న రొట్టె. గోధుమ పిండి అక్కరలేదు, పులియబెట్టే పని లేదు, ముప్పావు గంటలో బల్ల మీదికి వస్తుంది. పోత ఇనుప మూకుడులో రెండు పెద్ద చెంచాల కొవ్వు వేసి, 220 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి కాగనివ్వాలి. ఆలోగా రెండు కప్పుల మొక్కజొన్న పిండి, చిన్న చెంచాడు వంటసోడా, చిన్న చెంచాడు ఉప్పు కలిపి, ఒక గుడ్డు గిలకొట్టి పోసి, పుల్లటి చిక్కటి మజ్జిగ రెండు కప్పులకు కాస్త తక్కువగా పోసి, గరిటె జారుగా కలపాలి. మజ్జిగలోని పులుపు సోడాతో కలిసి పొంగునిస్తుంది కనుక పులియని మామూలు పాలు ఇక్కడ పనిచేయవు. కాగిన మూకుడును బయటికి తీసి పిండి పోస్తే, అంచుల దగ్గర చుయ్యిమని శబ్దం రావాలి. రాలేదంటే మూకుడు కాగలేదు, అడుగు కరకరలాడదు. ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాల్లో మధ్యలో పుల్ల గుచ్చితే అంటకుండా బయటికి వస్తుంది. మిగిలిన రొట్టెను మర్నాడు పొడిచేసి, గాజు గ్లాసులో వేసి, పైన చల్లటి పాలో మజ్జిగో పోసుకుని చెంచాతో తినడం దక్షిణాదివారి రాత్రి భోజనం. దీనికంటే తక్కువ పనితో అయ్యే భోజనం నాకు తెలియదు.

హెచ్చరిక ఏమిటంటే, మొక్కజొన్న ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో అమెరికా దక్షిణాదిన మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, మొలాసిస్ తప్ప మరొకటి దొరకని పేద కౌలు రైతు కుటుంబాలను పెల్లాగ్రా అనే జబ్బు పీడించింది. చర్మం పగిలి, విరేచనాలు పట్టుకుని, చివరికి మతి తప్పే ఆ వ్యాధి అంటురోగమని చాలామంది నమ్ముతున్న రోజుల్లో, ప్రజారోగ్య శాఖ వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అది తిండి లోపం వల్ల వచ్చేదని నిరూపించారు. ఆయన 1929లో చనిపోయారు. లోపించినది నియాసిన్ అనే విటమిన్ అని 1937లో గానీ తేలలేదు. మొక్కజొన్నలో నియాసిన్ ఉన్నా, సున్నపు నీటిలో ఉడికించకపోతే అది ఒంటికి సరిగా అందదు. అందుకే ఈ రొట్టెతో పాటు బీన్స్, పాలు, గుడ్డు, ఆకుకూర వీటిలో రెండయినా పళ్లెంలో ఉండాలి. చవక భోజనం పేరుతో వీటిని కోసేస్తే స్టీబెలింగ్ గీతకు కిందికి వెళ్లినట్టే.

వైట్ సాస్ అనే ఉపాయం

ఆనాటి వంటల పుస్తకాలు తిరగేస్తే, తెల్లటి సాస్ పోయని పదార్థం ఉండదేమో అనిపిస్తుంది. దాన్ని వెటకారం చేసేవారున్నారు. నేను చేయను. నాలుగు గుడ్లను నలుగురికి పూర్తి భోజనంగా మార్చగలిగే వస్తువు మరొకటి లేదు.

సన్నని సెగ మీద రెండు పెద్ద చెంచాల వెన్న గానీ వడకట్టిన కొవ్వు గానీ కరిగించి, రెండు పెద్ద చెంచాల మైదా వేసి, రెండు నిమిషాలు కలుపుతూ ఉండాలి. మొదట తడి ఇసుకలా ఉంటుంది. కాసేపటికి బుడగలు వచ్చి, పచ్చి పిండి వాసన పోయి, కాల్చిన రొట్టె వాసన మొదలవుతుంది. రంగు మారకముందే గిన్నె దించి, గోరువెచ్చని పాలు ఒక కప్పు తీసుకుని, ముందు పావు వంతు పోసి గట్టిగా కలపాలి. ముద్దలా బిగుసుకుంటుంది, భయపడనక్కరలేదు. మరి కాస్త పోసి కలిపితే వదులవుతుంది. మొత్తం పాలు ఒకేసారి పోసినవారికే ఉండలు కడుతుంది. తిరిగి పొయ్యి మీద పెట్టి, అడుగంటకుండా కలుపుతూ, గరిటె వెనక పూతలా నిలిచే దాకా కాచి, ఉప్పు, మిరియాల పొడి వేయాలి. పిండి ఒక చెంచాకు తగ్గిస్తే క్రీమ్ సూపులకు పనికివచ్చే పల్చటి సాస్ వస్తుంది. మూడు నాలుగు చెంచాలకు పెంచితే మెదిపిన కూరగాయలను ఉండలుగా పట్టి వేయించడానికి సరిపోయే గట్టి ముద్ద వస్తుంది.

మంగళవారం రాత్రికి గోల్డెన్‌రాడ్ గుడ్లు చేయాలి. నాలుగు గుడ్లు గట్టిగా ఉడికించి, తెల్లసొన సన్నగా తరిగి, రెండు కప్పుల వైట్ సాస్‌లో కలిపి, కాల్చిన రొట్టె ముక్కల మీద పోయాలి. పచ్చసొనను జల్లెడలో వేసి చెంచాతో నొక్కితే పసుపు పచ్చని పొడిలా రాలుతుంది. దాన్ని పైన చల్లితే, ఆ పేరు గల అడవి పువ్వు రంగు వస్తుంది. పాత రొట్టె, కాసిని పాలు, తలకొక గుడ్డు, అంతే. ఇదే సాస్‌లో ఉడికించిన క్యాబేజీ కలిపి, పైన రొట్టె పొడి చల్లి, ఓవెన్‌లో ఎర్రగా కాల్చితే మరో పూట గడుస్తుంది.

వైట్‌హౌస్ గుడ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఆ పట్టికలో నిజంగా వండదగినది అదొక్కటే. ఉడికిన గుడ్డును సగానికి కోసి, పచ్చసొనను కొద్ది వెన్న, ఆవపొడి, తురిమిన ఉల్లితో మెదిపి, తిరిగి నింపి, వేడి టొమాటో సాస్ పోసి, బంగాళాదుంప ముద్ద పక్కన పెట్టాలి. పుడ్డింగును వదిలేయవచ్చు.

కుండలో అందరూ వేసేది

1929 మార్చి నుంచి 1933 మార్చి దాకా అధ్యక్షుడిగా ఉన్న హెర్బర్ట్ హూవర్ పేరు ఆ రోజుల్లో దరిద్రానికి మారుపేరైంది. నిరుద్యోగులు రేకులూ అట్టలూ కట్టుకుని బతికిన గుడిసెల వాడలు హూవర్‌విల్‌లు అయ్యాయి. ఉన్నవన్నీ కలిపి ఉడికించిన పులుసు హూవర్ స్ట్యూ అయింది. దీనికి 225 గ్రాముల మాకరోనీని కాస్త పలుకు ఉండగానే వార్చుకోవాలి. వేరే గిన్నెలో రెండు డబ్బాల టొమాటో, ఒక డబ్బా మొక్కజొన్న గింజలు వాటి నీళ్లతో సహా పోసి, గుండ్రంగా కోసిన సాసేజ్‌లు నాలుగు వేసి, పదిహేను నిమిషాలు తెర్లనిచ్చి, మాకరోనీ కలిపి దించాలి. సాసేజ్ వద్దనుకుంటే శనివారపు బీన్స్ ఒక కప్పు వేయాలి. నా మటుకు నాకు అదే మేలు. దీనికి విడి రుచి ఏమీ లేదు, ఉల్లి వేయించి వేస్తే తప్ప. ఆ ఉల్లిని మరిచిపోకూడదు.

మాకరోనీకి మరో రూపం 1937లో వచ్చింది. క్రాఫ్ట్ కంపెనీ మాకరోనీని, చీజ్ పొడిని ఒకే పెట్టెలో పెట్టి, నలుగురికి సరిపడే భోజనమని 19 సెంట్లకు అమ్మింది. వంట సమయం తగ్గింది నిజమే గాని, అదే మాకరోనీ మీద ఇంట్లో చేసిన వైట్ సాస్, గుప్పెడు చీజ్ తురుము వేస్తే పెట్టెతో పని ఉండదు.

మాంసాన్ని సాగదీయడం

1928 ఎన్నికల ప్రకటనల్లో హూవర్ పార్టీ ప్రతి కుండలో కోడి ఉంటుందని గొప్పలు పోయింది. ఆ మాట ఆయన నోట వచ్చినది కాకపోయినా చివరిదాకా ఆయననే వెంటాడింది. ఆ వాగ్దానానికి అంత బరువు ఎందుకంటే, అప్పట్లో కోడి మాంసం చవకది కాదు, ఆదివారపు వంట. ఆ రోజు కాల్చిన కోడిలో మిగిలిన ఎముకలను అదే రాత్రి రెండు లీటర్ల నీటిలో ఉల్లి, క్యారెట్, సెలెరీ కాడలతో రెండు మూడు గంటలు మరిగించి, వడకట్టి ఉంచుకోవాలి. సోమవారపు సూపులో నీటికి బదులు ఈ రసం పోస్తే బీన్స్ రుచే మారిపోతుంది.

కైమా కొట్టిన గొడ్డుమాంసానికి మీట్‌లోఫ్ పద్ధతి. పౌండు మాంసంలో ఒక కప్పు ఓట్స్ గానీ రొట్టె పొడి గానీ, ఒక గుడ్డు, ముప్పావు కప్పు పాలు, తురిమిన ఉల్లి, ఉప్పు కలిపి, పది నిమిషాలు నాననిచ్చి, రొట్టె ఆకారంలో చేసి, 175 డిగ్రీల వద్ద గంటసేపు కాల్చాలి. మధ్యలో వేడి 71 డిగ్రీలకు చేరాలి. ఓట్స్ నానకముందే ఓవెన్‌లో పెడితే కోసేటప్పుడు విడిపోతుంది. ఇది వేడిగా ఒక పూట, చల్లారాక పల్చగా కోసి రొట్టె మధ్యన మరో పూట వస్తుంది; ఆ రెండో పూట కోసమే దీన్ని చేయాలి.

పాత రొట్టె, మూడు గుంటల కేకు

రొట్టె ఎండితే పారేయడం అనే మాట ఆ వంటింట్లో లేదు. గట్టిపడిన ముక్కలు నాలుగు కప్పులు తీసుకుని, రెండు కప్పుల పాలు, రెండు గుడ్లు, కప్పులో మూడో వంతు పంచదార, దాల్చిన చెక్క పొడి, గుప్పెడు ఎండు ద్రాక్ష కలిపి, అరగంట నానబెట్టి, 175 డిగ్రీల వద్ద ముప్పావు గంట కాల్చాలి. మెత్తటి కొత్త రొట్టెతో చేస్తే జావలా తయారవుతుంది కనుక ఎండిన రొట్టే దీనికి తగినది. బూజు పట్టిన రొట్టె మాత్రం దేనికీ పనికిరాదు. బూజు పట్టిన చోటు కోసి మిగతాది వాడటం కూడా తగదు.

గుడ్డు, పాలు, వెన్న లేకుండా కేకు చేయడం మాంద్యపు రోజులతోనూ ఆ తరువాతి యుద్ధకాలంతోనూ ముడిపడిన విద్య. దాన్ని వాకీ కేక్ అనీ, క్రేజీ కేక్ అనీ పిలుస్తారు. కాల్చే పళ్లెంలోనే ఒకటిన్నర కప్పుల మైదా, ఒక కప్పు పంచదార, మూడు పెద్ద చెంచాల కోకో పొడి, చిన్న చెంచాడు వంటసోడా, చిన్న చెంచాలో సగం ఉప్పు వేసి కలపాలి. వేలితో ఆ పొడిలో మూడు గుంటలు చేయాలి, ఒకటి పెద్దది, రెండు చిన్నవి. పెద్దదానిలో కప్పులో మూడో వంతు నూనె, చిన్నవాటిలో ఒకదానిలో పెద్ద చెంచాడు వెనిగర్, మరొకదానిలో చిన్న చెంచాడు వెనిలా. అన్నిటి మీదా ఒక కప్పు నీళ్లు పోయాలి. వెనిగర్ పడిన చోట సోడా చిటపటమంటూ నురగ కడుతుంది. గుడ్డు చేయవలసిన పనిని ఆ గాలి బుడగలు చేస్తాయి కాబట్టి, పొడి కనిపించకుండా పోగానే కలపడం ఆపి, వెంటనే ఓవెన్‌లో పెట్టాలి. పది నిమిషాలు పక్కన పెట్టి మరో పని చూసుకుంటే బుడగలన్నీ పోయి, కేకు ఇటుకలా వస్తుంది. 175 డిగ్రీల వద్ద ముప్పై నుంచి ముప్పై అయిదు నిమిషాలు. వెనిగర్ వాసన తినేటప్పుడు తెలియదు.

వదిలేయవలసినవి

ఆనాటివన్నీ అనుసరించదగినవేమీ కావు. ప్రభుత్వ గృహ ఆర్థికశాస్త్ర విభాగం సిఫారసు చేసిన వాటిలో వేరుశనగ వెన్న కూరి కాల్చిన ఉల్లిపాయ ఒకటి. చవకే, పోషకమే, కానీ ఆ రెండు రుచులూ చివరి ముద్దదాకా ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటూనే ఉంటాయి. స్పగెట్టీని ఇరవై అయిదు నిమిషాలు ఉడికించి, మెత్తటి క్యారెట్లతో, వైట్ సాస్‌తో కలిపి కాల్చే పద్ధతీ అంతే. పది నిమిషాలకే దించితే ఆ వంటకం బాగుపడుతుంది. పొయ్యి పక్కన డబ్బాలో రోజుల తరబడి కొవ్వు నిలవ చేయడం మానేసి, వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. బీన్స్, మొక్కజొన్న, మాంసం వంటి పులుపు లేని పదార్థాలను ప్రెషర్ క్యానర్ (ఆవిరి ఒత్తిడితో సీసాలను కాచే పాత్ర) లేకుండా ఇంట్లో సీసాల్లో నిలవ చేయడం ప్రాణాపాయం. మరిగే నీటి వేడికి బొటులిజం అనే ప్రాణాంతక ఆహార విషాన్ని కలిగించే సూక్ష్మజీవి బీజాలు చావవు. పచ్చిక బయళ్లలో డాండెలియన్ ఆకు ఏరి వండుకోవడం మంచిదే, పువ్వు రాకముందు కోస్తే చేదు తక్కువ. మందు చల్లిన పచ్చికలో మాత్రం కోయకూడదు.

వండిన బీన్స్, సూపు, కోడి రసం ఇవన్నీ రెండు గంటలలోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి. అందుకే వరుసలో బీన్స్ బుధవారం దాటవు. గురువారం హూవర్ స్ట్యూకు కప్పెడు బీన్స్ కావాలనుకుంటే శనివారమే తీసి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. శుక్రవారం రాత్రి కొత్త గింజలు నానబెట్టేముందు ఫ్రిజ్ తెరిచి, ఏ గిన్నెలో ఏముందో ఒక కాగితం మీద రాయాలి. అరకప్పు టొమాటో, రెండు ఉడికిన దుంపలు, సగం ఉల్లి, ఎండిన రొట్టె అంచులు, ఎంత చిన్నదైనా సరే రాయాలి. మర్నాడు కొనవలసిన సరుకుల జాబితా ఆ కాగితం కిందే మొదలవ్వాలి.